బాయి ఎప్పుడు మూస్తారో గేటు మీద రాయండి: సింగరేణి బోర్డుకు బహిరంగ లేఖ

సింగరేణి కాలరీస్ సీఎండీ గారికి, బోర్డు సభ్యులకు, సంస్థలో 51 శాతం వాటా ఉన్న తెలంగాణ ప్రభుత్వానికి, 49 శాతం వాటా ఉన్న కేంద్ర ప్రభుత్వానికి, అలాగే కార్మిక సంఘాల నాయకులకు నమస్కారం.

నేను గోదావరిఖనిలో ఉంటాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెబుతాను. మా నాన్న బాయి (మా దగ్గర బొగ్గు గనిని అలాగే అంటాం) పని చేసి రిటైరైన మనిషి. బొగ్గును తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, సోలార్‌కు హారతి పట్టడానికీ కాదు. అడిగేది ఒక్కటే. మీ చేతిలో ఉన్న ప్రతి గనీ ఏ సంవత్సరం దాకా నడుస్తుందో, అది ఆగిపోయాక అక్కడ పని చేసే వాళ్లకు, ఆ ఊరికి ఏం పని చూపిస్తారో తెలుగులో రాసి ఆ గని గేటు దగ్గర పెట్టండి. పర్మినెంట్ వాళ్లకే కాదు, కాంట్రాక్టు వాళ్లకు కూడా.

ఇప్పుడేం తొందర అని మీరు అడగవచ్చు. 2021లో గ్లాస్గో సదస్సులో మన దేశం 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం, 2070కి నెట్ జీరో (గాల్లోకి వదిలే కర్బనం, వెనక్కి తీసుకునే కర్బనం సమానం కావడం) అని మాట ఇచ్చింది. 2025లో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కాని వనరులదే అయింది. అది విని పొంగిపోయిన వాళ్లున్నారు, గుండె జారిన వాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒక సంగతి మరిచిపోతున్నారు. సామర్థ్యం వేరు, తయారయ్యే కరెంటు వేరు. సోలార్ ప్యానెల్ రాత్రి పని చేయదు, మబ్బు పడితే సగం పని చేస్తుంది. అందుకే దేశంలో తయారయ్యే కరెంటులో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. 2024-25లో దేశం వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది. రేపు పొద్దున్నే బాయిలు మూతపడవని మాకూ తెలుసు. మూతపడవు కదా అని చేతులు కట్టుకుని కూర్చుంటేనే మా ఊళ్లు మునుగుతాయి. ఎందుకంటే ఈ సినిమా మేము ఇదివరకే ఒకసారి చూశాం.

1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పర్మినెంట్ కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. అదే కాలంలో ఉత్పత్తి మూడింతలు దాటి ఏడాదికి 7 కోట్ల టన్నుల దగ్గరికి వచ్చింది. పోయిన ఆ ఉద్యోగాలను తిన్నది సోలార్ ప్యానెల్ కాదు. తట్టా చెమ్మస్ (తట్ట, పారతో చేతులతో బొగ్గు ఎత్తే పని) పోయి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్‌ యంత్రాలు వచ్చాయి, అండర్‌గ్రౌండ్ తగ్గి ఓసీలు (ఓపెన్‌కాస్ట్, పైనుంచి తవ్వే గనులు) వచ్చాయి, షావెల్, డంపర్ వచ్చాయి, గోల్డెన్ హ్యాండ్‌షేక్ పేరుతో డబ్బిచ్చి, ముందే రిటైర్ చేసి మనుషులను ఇంటికి పంపారు. అంతా జరిగిపోయాక మాకు అర్థమైంది. ఇప్పుడు ఎవరైనా మైకు పట్టుకుని "సోలార్ వస్తే మన పొట్ట కొడుతుంది" అంటే చప్పట్లు పడతాయి కానీ, మూడు దశాబ్దాలుగా మా పొట్ట కొట్టింది బొగ్గు తవ్వే పద్ధతే అన్న మాట ఎవరూ చెప్పరు.

బెల్లంపల్లి వైపు ఒకసారి చూడండి. అక్కడ ఒక్కో బాయి మూతపడుతున్నప్పుడు మనుషులను మందమర్రికి, శ్రీరాంపూర్‌కు, భూపాలపల్లికి బదిలీ చేశారు. కంపెనీ రికార్డులో ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఊళ్లో మాత్రం పోయింది. జీతం బదిలీ అయితే దాని వెనకాలే కిరాణా ఖాతా పోతుంది, టైలర్ పోతాడు, చిట్టీ వేసే వాళ్లు పోతారు, ట్యూషన్ చెప్పే పంతులు పోతాడు, ఫస్ట్ షిఫ్టు కోసం తెల్లవారుజామున పొయ్యి వెలిగించే హోటల్ పోతుంది. వీళ్లెవరి పేరూ కంపెనీ మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉండదు కాబట్టి ఎవరికీ ప్యాకేజీ ఉండదు. ఇల్లెందు సంగతి మరీ విచిత్రం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు జాడ కనిపెట్టింది ఆ చుట్టుపక్కలే. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. బొగ్గుట్ట అని పిలుచుకున్న ఆ ఊళ్లో అండర్‌గ్రౌండ్ బాయిలన్నీ చరిత్రలో కలిసిపోయాయి. హెడ్డాఫీసు ఎన్నడో కొత్తగూడెం చేరింది.

అప్పుడు బదిలీ చేయడానికి పక్క ఏరియా ఉంది. రేపు అన్ని ఏరియాలూ ఒకేసారి పలచబడితే ఎక్కడికి పంపిస్తారు?

బొగ్గు పోతే మేము గుండెలు బాదుకుంటామని అనుకోకండి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగితే గోడకున్న ఫొటోలు పట్టుకుని నిలబడే ఇళ్లు ఓసీల చుట్టూ చాలా ఉన్నాయి. ఎండాకాలం గాలి దుమారం లేస్తే బూడిద చెరువుల పక్క ఊళ్లలో ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. బావుల్లో నీళ్లు ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు. పాత కేంద్రాల కథ ముగియడం కూడా కళ్లారా చూస్తూనే ఉన్నాం. 1971లో మొదలైన రామగుండం 62.5 మెగావాట్ల యూనిట్‌ను 2024లో మూసేశారు. అదే ఏడాది ఆగస్టులో పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ కేంద్రం) కూలింగ్ టవర్లు ఎనిమిదీ క్షణాల్లో కూలిపోతున్న వీడియో ఇక్కడ ప్రతి ఫోన్లోకీ వచ్చింది. ముసలివాళ్లు మాత్రం దాన్ని ఒకసారి చూసి ఆపేశారు.

సింగరేణి సోలార్ పెట్టలేదని నేను అనను. ఇల్లెందులో 39 మెగావాట్లు ఉంది, మణుగూరులో, కొత్తగూడెంలో, మందమర్రిలో, మా పక్కన రామగుండం-3 ఏరియాలో ఉన్నాయి, జైపూర్ థర్మల్ కేంద్రం రిజర్వాయర్ మీద తేలే ప్యానెళ్లూ ఉన్నాయి. అన్నీ కలిపితే 200 మెగావాట్లు దాటాయి. ఎన్టీపీసీ వాళ్లు రామగుండం రిజర్వాయర్ మీద 2022లో పూర్తి చేసిన 100 మెగావాట్ల ఫ్లోటింగ్ ప్లాంటు 500 ఎకరాల నీళ్ల మీద పరుచుకుని ఉంది. బొగ్గు దేశంలో ఇంత జరగడం చిన్న విషయం కాదు.

అయితే మా పిల్లలను ఒక సోలార్ ప్లాంటుకు తీసుకెళ్లినప్పుడు వాళ్లు ప్యానెళ్ల కంటే మనుషులనే ఎక్కువ వెతికారు. గేటు దగ్గర ఒక సెక్యూరిటీ గార్డు. కంట్రోల్ రూములో ఇన్వర్టర్ల రీడింగ్ చూసే కుర్రాడు ఒకడు. పొడవాటి కర్రకు మాప్ కట్టుకుని, పైపుతో నీళ్లు కొడుతూ ప్యానెళ్లు తుడుస్తున్న ఆడవాళ్లు నలుగురైదుగురు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి, కాగిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. ప్యానెళ్ల సందుల్లో మొలిచిన గడ్డి కూడా వాళ్లే కోయాలి, లేకపోతే నీడ పడి కరెంటు తగ్గుతుంది. అందరూ కాంట్రాక్టు మీదే. తిరిగొస్తుంటే బస్సులో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, సూర్యమిత్ర ట్రైనింగ్ చేస్తే మా నాన్న డిపెండెంట్ ఉద్యోగానికి ఏమన్నా అడ్డమొస్తుందా?" సూర్యమిత్ర అంటే సోలార్ పనులు నేర్పే ప్రభుత్వ శిక్షణ. వాడి తండ్రి మెడికల్ బోర్డుకు పెట్టుకున్నాడు. అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం. తండ్రి ఆరోగ్యం చెడిపోతే తప్ప తన జీవితం మొదలవదని నమ్ముతున్న పిల్లలు మా తరగతిలో వాడొక్కడే లేడు. దాన్ని ఎత్తిచూపి వాళ్లను చులకన చేయడం నాకు ఇష్టం లేదు. ఈ బెల్టులో నికరమైన జీతానికి ఇంకో దారి ఎవరూ చూపించలేదు, అంతే.

ఇక్కడ లెక్క ఒకటి సూటిగా మాట్లాడుకోవాలి. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు పని ఉంటుంది, నడిపేటప్పుడు పెద్దగా ఉండదు. ప్యానెళ్లు తయారయ్యేది ఇంకెక్కడో. ఎండ బాగా కాసే, ఖాళీ భూములున్న రాష్ట్రాలకు పెట్టుబడి పోతుంది. 2025 మార్చిలో మీరే రాజస్థాన్ ప్రభుత్వ సంస్థతో 1,600 మెగావాట్ల థర్మల్, 1,500 మెగావాట్ల సోలార్ కోసం ఒప్పందం చేసుకున్నారు. వ్యాపారంగా దాన్ని తప్పు పట్టను. బొగ్గు మీద మాత్రమే బతికే కంపెనీగా మిగలకూడదన్న ఆలోచన మంచిదే. కానీ కంపెనీ బతకడం, కోల్ బెల్టు బతకడం రెండూ ఒకటి కావు. సింగరేణి బ్యాలెన్స్ షీటు రాజస్థాన్ ఎండకు పచ్చబడి, మంచిర్యాల జిల్లా ఎండిపోవచ్చు. బెల్లంపల్లిలో జరిగింది అచ్చంగా అదే కదా, ఈసారి దూరం ఎక్కువ.

మరి ఇక్కడ ఏం చేయవచ్చు? నా చేతనైన విద్య ఎలక్ట్రికల్ కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

మన రాష్ట్రంలో కరెంటు వాడకానికి ఒక ప్రత్యేకత ఉంది. వ్యవసాయ మోటార్లు పాతిక లక్షలకు పైనే. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు పెట్టి రాత్రంతా నడిపిన మోటార్లు ఎన్నో. ఆ లోడులో వీలైనంత పగటికి తెస్తే ఎండ ఉన్నప్పుడే ఆ కరెంటు ఖర్చవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు అన్న పద్ధతి పెట్టారు కాబట్టి ఇది జరగని పనేం కాదు. రైతుకు కూడా రాత్రి పూట పాము భయంతో మోటారు దగ్గరికి పోవడం తప్పుతుంది. దేశంలో టెండర్లలో సోలార్ యూనిట్ ధర రెండున్నర రూపాయల చుట్టూ ఉంది. కొత్తగా కట్టే బొగ్గు కేంద్రం కరెంటు 5 రూపాయలు దాటుతోంది. పగటి కరెంటు విషయంలో ఈ ధరలే పందెం తేల్చేశాయి.

చిక్కంతా సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా. పొద్దు గూకుతుంది, సోలార్ పడిపోతుంది, ఇళ్లలో లైట్లు, ఏసీలు, టీవీలు ఒక్కసారిగా ఆన్ అవుతాయి. ఇప్పుడు ఆ బరువును మోసేది బొగ్గు కేంద్రాలు. దాన్ని దించాలంటే నిల్వ కావాలి. బ్యాటరీ ఒక దారి. ఇంకోటి పంప్డ్ స్టోరేజ్. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఆ పద్ధతిలోదే. మధ్యాహ్నం చవక కరెంటుతో నీళ్లను కింది చెరువు నుంచి మీది చెరువుకు ఎక్కిస్తారు, సాయంత్రం అవే నీళ్లను టర్బైన్ మీదికి వదులుతారు. వంద యూనిట్లు ఖర్చుపెట్టి ఎక్కిస్తే డెబ్బై ఐదు, ఎనభై వెనక్కి వస్తాయి. నష్టమే, కానీ మధ్యాహ్నం వృథా అయ్యే కరెంటుకు సాయంత్రం ధర వస్తుంది.

దీనికి లోతైన గొయ్యి, పక్కనే ఎత్తు, దగ్గర్లో నీళ్లు ఉండాలి. బొగ్గు తీసేసిన ఓసీలో ఇవన్నీ ఉన్నాయి. వందల అడుగుల గొయ్యి ఉంది, ఓబీ గుట్టలు (బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి గుట్టలు) ఉన్నాయి, గోదావరి పక్కనే ఉంది. మేడిపల్లి ఓసీలో పంప్డ్ స్టోరేజ్ పెట్టాలన్న ప్రతిపాదన మీ దగ్గర ఉన్నదే. దాన్ని ఫైలు దాటించండి. అన్ని గోతులకూ ఇది కుదరదని నాకు తెలుసు. ఓబీ గుట్ట కొండ కాదు, వదులు మట్టి. వానకు జారుతుంది, బరువు పెడితే కుంగుతుంది. మీది చెరువును దాని మీద నేరుగా కట్టలేరు. అడుగున నీరు ఇంకిపోకుండా చూడాలి, పక్క బాయిల్లోకి ఊట దిగకుండా చూడాలి. ఈ పనులు తెలిసినవాళ్లు దేశంలో ఇంకెక్కడున్నారు? బాయిలో నీళ్లు తోడే పంప్ ఆపరేటర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, గుట్ట వాలు కొలిచే సర్వే మనిషి అందరూ మీ దగ్గరే ఉన్నారు, నూట ముప్పై ఏళ్లుగా భూమి కింద నీళ్లతో కుస్తీ పట్టిన కంపెనీ మీది. ప్యానెల్ తుడిచే పనికి ఈ నైపుణ్యం అక్కర్లేదు, స్టోరేజ్‌కు కావాలి. అందుకే సోలార్ ఎన్ని మెగావాట్లు పెట్టారన్న దానికంటే నిల్వ ఎంత పెట్టారన్నదే కోల్ బెల్టుకు అసలు ప్రశ్న అని నేననుకుంటాను.

ఇక వ్యవధి. మణుగూరు దగ్గర భద్రాద్రి 1,080 మెగావాట్లు, దామరచర్ల దగ్గర యాదాద్రి 4,000 మెగావాట్లు, రామగుండంలో ఎన్టీపీసీ కొత్త యూనిట్లు 1,600 మెగావాట్లు. ఇలాంటి కొత్త కేంద్రాల కరెంటుకు 25 ఏళ్ల ఒప్పందాలు ఉంటాయి. వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ కట్టాల్సిందే. ఇన్ని కట్టడం తెలివైన పనేనా అన్నది వేరే ఉత్తరం. కట్టేశాం కాబట్టి 2040లు దాటేదాకా వాటికి బొగ్గు కావాలి. అంటే మాకు రాబోయేది పిడుగు కాదు, తేదీ తెలిసిన మార్పు. ఈ వ్యవధి చాలా దేశాలకు దొరకలేదు. దక్షిణాఫ్రికాలో కొమాటి అనే వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూశారు. సోలార్, బ్యాటరీలు, శిక్షణ అన్నీ వస్తాయన్నారు, ప్రపంచ బ్యాంకు డబ్బు కూడా ఉంది. కేంద్రం ముందు ఆగింది, పనులు తర్వాత మొదలయ్యాయి, మధ్యలో ఊరు నలిగింది. జర్మనీ వాళ్లు 2007లోనే లోతు బొగ్గు గనులకు 2018 అని గడువు పెట్టుకున్నారు. చివరి గని బొట్రోప్‌లో ఆ ఏడాది డిసెంబరులో మూసేదాకా పదకొండేళ్లు మనుషులను సర్దుకుంటూ వచ్చారు. వాళ్లు ధనవంతులు, మనకు అంత డబ్బు లేదు, నిజమే. ముందే తేదీ చెప్పడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

పైగా ఆ తేదీలు మీ దగ్గర ఉన్నాయి. ప్రతి గని మైనింగ్ ప్లాన్‌లో దాని ఆయుష్షు రాసే ఉంటుంది. 2009 నుంచి ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక, ఆ మూసివేత ఖర్చు కోసం విడిగా డబ్బు దాచే ఎస్క్రో ఖాతా తప్పనిసరి. పర్యావరణ అనుమతుల కోసం పెట్టే వందల పేజీల ఇంగ్లీషు నివేదికల్లో ఆ వివరాలు ఉంటాయి. నేల ఎలా చదును చేయాలి, ఏ మొక్కలు నాటాలి, ఎన్ని వరుసలు అన్నది వివరంగా ఉంటుంది. ఓబీ డంపర్ తోలే కాంట్రాక్టు డ్రైవర్ ఏమవుతాడో ఉండదు.

ఆ డ్రైవర్ల గురించే ఇంకొంచెం. 2024 దసరాకు లాభాల వాటా పంచినప్పుడు కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. పర్మినెంట్ వాళ్లకు సగటున 1.90 లక్షలు వచ్చింది. మొదటిసారి ఇచ్చినందుకు సంతోషమే, తేడా మాత్రం ఎవరి కళ్లనూ తప్పించుకోలేదు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు వాళ్లు చేసిన సమ్మె కూడా వేతనాల కోసమే. గని మూతపడితే పర్మినెంట్ కార్మికుడికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. కాంట్రాక్టు కార్మికుడికి కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. బొగ్గు నుంచి మళ్లే ప్రయాణంలో మొదట రోడ్డున పడేది వాళ్లే కాబట్టి గేటు దగ్గర పెట్టే పట్టికలో మొదటి వరుస వాళ్లదే కావాలి.

సంఘాల అన్నలకు ఒక మాట. బొగ్గు బ్లాకుల వేలం వద్దు, సింగరేణికే ఇవ్వాలి అని మీరు చేసే పోరాటంలో న్యాయం ఉంది, మా ఇంట్లోనూ అందరం అదే అంటాం. కానీ మీ డిమాండ్ల పత్రం కొత్త బాయిల దగ్గర మొదలై కొత్త బాయిల దగ్గరే ఆగిపోతోంది. తెరిచే బాయి కూడా ఓసీయే అయితే అందులో ఎంతమందికి పని? పంప్డ్ స్టోరేజ్‌లో, సోలార్ మెయింటెనెన్స్‌లో వచ్చే పనిని పర్మినెంట్ కేటగిరీలో పెట్టాలని, డిపెండెంట్ పిల్లలకు ఆ పోస్టులు ఇవ్వాలని ఒప్పందంలో అడగండి. ప్లాంటు కట్టేశాక అడిగితే అప్పటికే టెండర్ పిలిచి ఉంటారు.

భయం ఒకటి మీకు ఉండొచ్చు. తేదీ రాసి పెడితే జనం బెదిరిపోతారని, ప్లాట్ల ధరలు పడిపోతాయని, పని మీద మనసు ఉండదని. టీ కొట్టు దగ్గర రోజూ నడిచే పంచాయితీ మీరు వినడం లేదు. ఏ బాయి ఎన్నాళ్లో అక్కడ ప్రతివాడూ ఒక లెక్క చెబుతాడు, ఏ రెండూ కలవవు. ఆ పుకారు మీదే మనుషులు ఇల్లు కట్టుకోవాలా వద్దా, పిల్లను ఏ కోర్సులో చేర్చాలి, పెళ్లికి అప్పు తేవచ్చా అని తేల్చుకుంటున్నారు. తేదీ మారితే మార్చండి, ఏటా సవరించండి. రైలు ఆలస్యమవుతుందని టైంటేబుల్ మానేయరు కదా.

జార్ఖండ్ ప్రభుత్వం 2022లోనే ఈ మార్పు కోసం ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. సింగరేణి ఆరు జిల్లాలకూ అలాంటిది వేయండి, అందులో కాంట్రాక్టు కార్మికులను, మూతపడిన ఊళ్ల వ్యాపారులను, ఐటీఐ వాళ్లను కూర్చోబెట్టండి. గనుల నుంచి జిల్లాకు వచ్చే ఖనిజ నిధిలో ఏటా కొంత భాగాన్ని మూతపడబోయే గనుల ఊళ్ల కోసం విడిగా దాచండి, రోడ్లకూ కమ్యూనిటీ హాళ్లకూ అందని ఖాతాలో.

వచ్చే దసరాకు లాభాల వాటా ప్రకటించే రోజునే ఈ పట్టిక కూడా ప్రకటించండి. ఆరు జిల్లాలకూ ఒక్కసారే కాకపోతే రామగుండం-1 ఏరియాతో మొదలుపెట్టండి. గని పేరు, ఆఖరి సంవత్సరం, పర్మినెంట్ ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, ఆ తర్వాత పని ఏమిటి. ఆఖరి గడిలో రాయడానికి ఇప్పుడేమీ లేకపోతే ఖాళీగానే వదిలేయండి, అందులో ఏం రాయవచ్చో చెప్పడానికి మేము జీఎం ఆఫీసుకు వస్తాం.

ఇట్లు,
గోదావరిఖని నుంచి ఒక ఐటీఐ ఉపాధ్యాయుడు